బుగ్గన కరక్కాయ

అల్ ఖోర్ క్యాంపు
శుక్రవారం, సెలవు పూట

ముత్తక్కకు,

ముందుగా నీ మోకాళ్ళకు, ఆ తర్వాత నీ పాదాలకు నమస్కారం. మోకాళ్ళను ముందు పెట్టడానికి కారణముంది. పోయినసారి ఫోన్‌లో నువ్వు నా గురించి ఒక్క మాట అడిగి, వాటి గురించి పది మాటలు చెప్పావు. నూనె మర్దనా చేయించుకుంటున్నావా? బావకు చూపు ఎలా ఉంది? బర్రె ఈనిందా? పెద్దనాయన ఇంకా కర్ర పట్టుకుని వాకిట్లో కుక్కల్ని అదిలిస్తూనే ఉన్నాడా? నేనిక్కడ బాగున్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, డ్యూటీకి వెళ్తున్నాను. ఈ మాట ఉత్తరంలో ఇంకో చోట కూడా రాస్తాను, విసుక్కోకు. ఎందుకంటే నీ చెవిన ఏం పడిందో నాకు తెలుసు.

"ముత్తవ్వా, నీ తమ్ముడు దుబాయిల గుట్కతోని దొరికిండట. నౌకరి ఊడిందట. ఇంటికి తోలిస్తున్నరట." ఇదే కదా?

అక్కా, గుట్కా అబద్ధం. నౌకరి ఊడడం అబద్ధం. ఇంటికి తోలడం అబద్ధం. ఆ మాటకొస్తే దుబాయ్ కూడా అబద్ధమే. నేనుండేది ఖతర్ అని ఇన్నేళ్ళుగా చెబుతున్నా ఊళ్ళో ఒక్కరికీ ఎక్కలేదు. అయితే ఇన్ని అబద్ధాల కింద ఒక నిజం నలిగిపోయి ఉంది. అది నువ్వు పంపిన కరక్కాయ.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోన్ సంగతి నాకు తెలియదా? నువ్వు స్పీకర్ పెట్టి మాట్లాడితే బస్టాండు దాకా వినపడుతుంది. పైగా "తిన్నవా తమ్మీ" అని అడిగి, నేను నోరు తెరిచేలోపు మనవరాలి చేతికిచ్చేస్తావు. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన సంగతి. అందుకే కాగితం. కోరుట్ల గంగాధర్ సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. అంటించడానికి గోందు దొరక్క అన్నం మెతుకులతో అంటించాను. అంచు కదిలి ఉంటే నాకు కబురు చెయ్యి, గంగాధర్ సంగతి తిరిగొచ్చాక చూసుకుంటాను.

ఇంకో మాట. నేను మాట్లాడితే మన ఊరి మాట, రాస్తే పత్రిక మాట. దీనికి నువ్వు నవ్వుతావని తెలుసు. ఏం చేయను, బడి మానేసినవాణ్ని, మిరపకాయ బజ్జీల పొట్లాలు విప్పి చదవడం నేర్చుకున్నాను. నా చదువులో కథలన్నీ సగంలో నూనె మరక దగ్గర ఆగిపోతాయి. ఈ కథను మాత్రం చివరి దాకా చెబుతాను.

నాన్న బుగ్గలో పెట్టుకున్న తంబాకు ఆయన్ని ఎలా తీసుకుపోయిందో మనిద్దరం చూశాం. ఆ తర్వాత నువ్వు నా చెయ్యి పట్టుకుని నీ తల మీద పెట్టించి, తంబాకు ముట్టనని ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు నేను ఈ రోజు దాకా తప్పలేదు. ఊరంతా ఏమనుకున్నా అనుకోనీ గానీ, నువ్వు పొయ్యి ముందు కూర్చుని "వీడు నా తల మీది ఒట్టు తప్పిండా" అనుకుంటే నాకిక్కడ అన్నం దిగదు. ఈ ఉత్తరం అందుకే.

మొదటినుంచి చెబుతాను.

చలి వెళ్ళిపోయి, ఎండ ఇంకా ముదరని రోజులివి. ఈ కాలంలో ఇక్కడ ఉత్తరం దిక్కు నుంచి ఒక గాలి లేస్తుంది. షమాల్ అంటారు. మన దగ్గర గాలి దుమ్ము తెస్తుంది. ఇక్కడ దుమ్మే గాలిని తెస్తుందేమో అనిపిస్తుంది. పళ్ళు కలిపితే కరకరమంటాయి. పగలంతా ఆ దుమ్ము మింగి, గదికొచ్చి ఏసీ కింద పడుకుంటే దగ్గు రాక ఇంకేం వస్తుంది? వచ్చింది. మామూలుగా రాలేదు, సామాను సర్దుకుని వచ్చింది.

దగ్గుల్లో చాలా రకాలున్నాయక్కా. పెద్దనాయన ఇంట్లోకి అడుగుపెట్టే ముందు దగ్గేవాడు, గుర్తుందా? కోడళ్ళు కొంగులు సర్దుకునేవారు. అది రోగం కాదు, కాలింగ్ బెల్లు. బావ నిన్ను చాయ్ అడిగే ముందు దగ్గుతాడు, అది దరఖాస్తు. పంచాయతీలో సర్పంచ్ జవాబు తెలియనప్పుడు దగ్గుతాడు, అది వాయిదా. నాకొచ్చింది ఈ మూడింటిలో ఏదీ కాదు. కిందినుంచి ఎవరో బొంగరం తిప్పి వదిలినట్టు మొదలై, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా ఆగనిది.

ఇప్పుడు నా ఉద్యోగం గురించి చెప్పాలి. ఎవరైనా అడిగితే నువ్వు "మా తమ్ముడు పెద్ద మిషిను మీద ఉంటడు" అంటావట. మిషిను మీద ఉండేది ఖాన్. నేను కింద ఉంటాను. ఆ మిషిను క్రేను. రాస్ లఫాన్‌లో గ్యాసు పనులు జరిగే చోట బరువులు ఎత్తి దించుతుంది. పైనున్న ఖాన్‌కు కింద ఏముందో సరిగా కనపడదు. అందుకని నేను నోట్లో విజిల్ పెట్టుకుని చెబుతాను. మా దగ్గర ఒకసారి ఊదితే ఆపు, రెండుసార్లు ఊదితే ఎత్తు, మూడుసార్లు ఊదితే దించు.

ఖాన్ పెషావర్ దిక్కు పఠాన్. గుమ్మంలోంచి రావాలంటే తల వంచాలి. మరి దేనికీ వంచడు. గోరింటాకు పెట్టిన గడ్డం, మడత నలగని బట్టలు. ముక్కు చీదాలన్నా పది అడుగులు పక్కకు వెళ్ళి, వెనక్కి తిరిగి చీదే మనిషి. క్రేను క్యాబిన్‌లో కూర్చుంటే నిజాం గారు అంబారీ మీద కూర్చున్నట్టుంటాడు. అతనంటే క్యాంపులో అందరికీ ఒక జంకు. నాకు మాత్రం ఎన్నో ఏళ్ళుగా జతగాడు. అతను ఎత్తుతాడు, నేను ఊదుతాను.

ఒక రోజు పనివాళ్ళ కోసం తెచ్చిన ప్లాస్టిక్ పాయిఖానా గదిని ఖాన్ క్రేనుతో ఎత్తి అవతలి పక్కకు తీసుకుపోతున్నాడు. అది సరిగ్గా సేఫ్టీ ఆఫీసు ముందుకు వచ్చేసరికి నాకు దగ్గు తెర లేచింది. నోట్లో విజిల్. ఖళ్, ఖళ్, ఖళ్. ఒక్కో దగ్గుకు ఒక్కో కూత. మూడు కూతలు విన్న ఖాన్ ఏం చేస్తాడు? దించాడు. ఎంత చక్కగా దించాడంటే, ఆ గది తలుపూ సేఫ్టీ ఆఫీసు తలుపూ ముఖాముఖి ముద్దు పెట్టుకున్నాయి. లోపల సేఫ్టీ ఆఫీసర్ రామోన్ ఉన్నాడు.

రామోన్ ఫిలిప్పీన్స్ దేశస్థుడు, కుర్రవాడు, మంచివాడు. పని దగ్గర మాత్రం నిప్పు. నన్ను "తాతాయ్" అంటాడు. వాళ్ళ భాషలో నాన్న అని అర్థమట. నాకు వినపడేది తాత అనే. ఆ రోజు కిటికీలోంచి దిగి, బట్టలు దులుపుకుని నా దగ్గరికి వచ్చి వేలు చూపించాడు.

"తాతాయ్, దగ్గు బంద్. లేకపోతే విజిల్ బంద్."

విజిల్ పోతే నన్ను గోదాములో కూర్చోబెడతారు. ఈ వయసువాణ్ని గోదాములో ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? అందుకని వైద్యం మొదలుపెట్టాను. క్యాంపు డాక్టర్ సీసా ఇచ్చాడు. తాగితే డ్యూటీలో నిలబడే నిద్ర వచ్చింది. నిద్రలో విజిల్ ఊదేవాణ్ని ఎవరుంచుకుంటారు? సీసా పక్కన పెట్టాను. అంతే, గదిలో ఉన్న వైద్యులంతా లేచారు.

మా గదిలో నేనూ, సత్తెన్నా తెలుగువాళ్ళం. సత్తెన్నను నువ్వెరుగుదువు, కింది వాడకట్టు వాడు, రాజేశ్వరి మొగుడు. మిగతా మంచాల మీద ఒక నేపాలీ, ఒక బంగ్లాదేశీ, ఒక మలయాళీ. నేపాలీ పసుపు నీళ్ళు కాచి ఇచ్చాడు. బంగ్లాదేశీ తులసి రసం, తేనె అన్నాడు. మలయాళీ వాళ్ళ హోటల్ నుంచి శొంఠి కాఫీ తెచ్చాడు. ఒకటి తాగితే తతిమ్మావాళ్ళకు కోపం. "నాది తాగినంక అతనిది ఎందుకు తాగినవ్? అందుకే తగ్గలేదు" అని ప్రతివాడూ. దగ్గు నాది, పరువు మాత్రం మూడు దేశాలది. పక్క గది నుంచి ఖాన్ కూడా జోషాందా అనే పొడి పొట్లం పంపించాడు. ఇక సత్తెన్న నా ఛాతీ మీద వాము మూట పెట్టి, దాని మీద ఇస్త్రీ పెట్టెతో కాపడం పెట్టాడు.

"కదలకు అన్నా, ముడతలు వడతయ్" అని నవ్వు ఒకటి.

నా బనీను మాత్రం బాగా ఇస్త్రీ అయింది. దగ్గు అలాగే ఉంది.

అప్పుడు గంగాధర్ తమ్ముడు ఊరినుంచి తిరిగొచ్చి నీ మూట ఇచ్చాడు. నీ పాత చీర అంచు చూడగానే సగం నయమైంది. అందులో కరక్కాయలు. నువ్వు చెప్పి పంపిన మాటలు అతను నీ గొంతుతోనే చెప్పాడు. "పెచ్చు తీసి, నెయ్యిల ఏంచి, బుగ్గన పెట్టుకొమ్మను. నమలద్దు. ఊరిన రసం మింగాలె. నోరు మూసుకొని ఉండుమను, గది వానితోని గాదు గని, చెప్పి సూడు."

అక్కా, నీ వైద్యం గొప్పది. మొదటి రోజు నోరంతా పిడచకట్టి, నాలుకకు ఎవరో సున్నం వేసినట్టుంది. రెండో రోజు దగ్గు సగమైంది. ఆ తర్వాత ఎడమ బుగ్గన కరక్కాయ, కుడి పక్క విజిల్, గొంతులో నిశ్శబ్దం. విజిల్ కోకిలలాగా పలికింది. నేను కూడా ఎవరితో ఒక్క మాట మాట్లాడలేదు. గదిలోవాళ్ళు నాకు జబ్బు ముదిరిందనుకున్నారు.

ఖాన్‌కు కూడా దుమ్ము దగ్గు పట్టుకుంది. మధ్యాహ్నం క్రేను నీడలో ఖుబూస్ రొట్టె తింటూ నా బుగ్గ చూసి, ఇదేమిటన్నాడు. నా నోరు నిండా రసం. మాట్లాడితే కారుతుంది. కారితే నువ్వు చెప్పిన రసం వృథా అవుతుంది. అందుకని సైగ చేశాను. జేబులోంచి గుప్పెడు పెచ్చులు తీసి అతని చేతిలో పోసి, నోటి వైపు చూపించి, బుగ్గ మీద వేలు పెట్టి, గొంతు మీద రాసి, బ్రహ్మాండం అన్నట్టు చెయ్యి ఊపాను. నా లెక్కలో నీ వైద్యమంతా వివరంగా చెప్పాను. ఖాన్ లెక్కలో నేను చెప్పింది ఒక్కటే: తిను, బాగుంటుంది.

పఠాన్లకు బాదం, అక్రోట్ గుప్పెడేసి తినడం అలవాటు. అతను అలాగే తిన్నాడు. మర్నాడు ఇంకో గుప్పెడు అడిగి పుచ్చుకున్నాడు.

కరక్కాయ బుగ్గన ఉంటే గొంతుకు మందు. కడుపులోకి గుప్పెడు వెళ్తే ఏం చేస్తుందో నీకు నేను చెప్పాలా? మనవరాలికి మొన్న ఎంత అరగదీసి పెట్టావు? చిటికెడు.

ఆ రోజునుంచి ఖాన్ మాటిమాటికీ క్రేను దిగడం మొదలుపెట్టాడు. బరువు సగంలో ఉంటే కిందికి దించి, తాళం వేసి, తొందర తొందరగా నడిచి పోతాడు. పరుగెత్తడు, పఠాన్ కదా. కానీ ఆ నడక పరుగుకు తక్కువేమీ కాదు. ఎందుకని రామోన్ అడిగితే "ఆయిల్ చూడాలి" అన్నాడు. మళ్ళీ దిగాడు. మళ్ళీ ఆయిలే. రామోన్ భయపడి మెకానిక్‌ని పిలిపించాడు. మెకానిక్ క్రేను కిందికి దూరి, అన్నీ విప్పి చూసి, ఆయిల్ నిండుగా ఉందని చెప్పి, ఎందుకు పిలిచారో తెలియక వెళ్ళిపోయాడు. ఖాన్ మాత్రం క్యాంపు మెస్సులో పప్పు పాడైందని వంటవాడి మీద అనుమానం పెట్టుకున్నాడు. నాకు తెలియదక్కా. నీ మీద ఒట్టు, అప్పటికి నాకు ఏమీ తెలియదు. క్రేనుకు నిజంగానే ఆయిల్ కారుతోందని నేను కింద వెతికాను కూడా.

ఈ గొడవలో రామోన్ కళ్ళు మా ఇద్దరి మీద పడ్డాయి. సాయంత్రం బస్సు ఎక్కబోతుంటే ఆపాడు.

"తాతాయ్, బుగ్గ ఏమైంది?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నోరు తెరువు."

తెరిచాను. లోపల గోధుమరంగు ముక్క, గోధుమరంగు రసం, గోధుమరంగు పళ్ళు. గ్యాసు ప్లాంటులో గుట్కా గానీ, పఠాన్ల నస్వార్ తంబాకు గానీ నోట్లో ఉంటే గేట్ పాస్ తీసేస్తారు. పాస్ పోతే ఉద్యోగం పోతుంది. ఆ పైన ఇంటికి టికెట్టే. రామోన్ ముఖం పాలిపోయింది.

"గుట్కా?"

జన్మంతా మాట్లాడినవాణ్ని కదా, సరిగ్గా మాట్లాడాల్సిన ఆ క్షణంలో నోరు నిండా రసం. ఉమ్మేస్తే ఉమ్మినందుకు ఇంకో నేరం. మింగాలి. మింగితే నాలుక లేవదు. నేను మింగుతూ, గుటకలు వేస్తూ, కళ్ళు తేలేస్తూ నిలబడితే చూసేవాళ్ళకు ఎలా ఉంటుంది? తప్పు చేసినవాడు నీళ్ళు నములుతున్నట్టే ఉంది.

చివరికి నాలుక విడిపించుకుని చెప్పాను. "మెడిసిన్."

"ఏ డాక్టర్ ఇచ్చాడు?"

"మా అక్క."

"అక్క డాక్టరా?"

"కాదు."

"నర్సా? మందుల షాపా?"

"పసుపు, మొక్కజొన్న. రెండెకరాలు" అన్నాను.

పాస్ తీసుకున్నాడు. చెడ్డవాడు కాదని చెప్పాను కదా, తీసుకుంటూ "సారీ తాతాయ్" అన్నాడు. విచారణ అయ్యేదాకా క్యాంపులోనే ఉండమన్నాడు.

ఆ సాయంత్రమే సత్తెన్న తన పెండ్లాంతో వీడియో కాల్ మాట్లాడుతూ నా వైపు ఫోన్ తిప్పి, "ఇగో సూడు, మన లింబాద్రన్న గుట్కతోని దొరికిండు, పాస్ గుంజుకున్నరు" అని నవ్వాడు. మజాక్. రాజేశ్వరికి మజాక్ కూడా వార్తే. మనూరి నల్లా దగ్గరికి ఆ మాట నీళ్ళకంటే ముందు చేరిందని తర్వాత తెలిసింది.

"ఎందుకు చెప్పినవ్ రా?" అంటే, "ఊకె నవ్వుతదని చెప్పిన్నే అన్నా. ఊరంత పోతదని నాకేం ఎర్క?" అన్నాడు. వాడి భార్య సంగతి ఊరందరికీ తెలుసు, వాడికి తప్ప.

అందరూ డ్యూటీకి వెళ్ళాక పగటిపూట క్యాంపు ఎప్పుడైనా చూశావా? ఎలా చూస్తావులే. తీగల మీద ఆరేసిన బట్టలు, ఏసీల చప్పుడు, ఒక పిల్లి. నేను ఆ పిల్లికి మన ఊరి పీర్ల పండుగ సంగతి అంతా చెప్పాను. అది సగంలో లేచి వెళ్ళిపోయింది. పచ్చిపులుసు చేసుకున్నాను. ఒక్కడికే పచ్చిపులుసు చేసుకుంటే ఉల్లిగడ్డ కూడా దండగ అనిపించింది. బిడ్డ పెళ్ళి అయిపోయింది, ఇల్లు కట్టుకున్నాను, ఇంక వచ్చేస్తే ఏమవుతుందని నువ్వు ఎప్పుడూ అంటావు. వస్తానక్కా. కానీ నా కాళ్ళతో, నా ఇష్టంతో, చేతిలో అత్తరు సీసాలతో రావాలి. గుట్కా వాడన్న పేరుతో, నీ తల మీది ఒట్టు తప్పినవాడిగా కాదు. ఆ రోజు నాకు బాగా భయమేసింది. అబద్ధమెందుకు, ఏడ్చాను కూడా. ఏడిస్తే మళ్ళీ దగ్గు వచ్చింది.

విచారణ పని చోటే ఉన్న మా మేనేజర్ మన్సూర్ సాబ్ గదిలో జరిగింది, రామోన్ వెంట ఉండి నన్ను గేటు దాటించాడు. ఆయన ఈ దేశపు మనిషి, తెల్లగడ్డం, మెల్లగా మాట్లాడతాడు. ఆయనకు అరబ్బీ, నాకు మనది. మధ్యలో చెప్పడానికి ఖాన్‌ను పిలిచారు. ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్నాడు కాబట్టి అతనికి అరబ్బీ ధారాళంగా వస్తుంది. నాకు యల్లా, మాఫీ, ఫులూస్ తప్ప ఏమీ రాదు. అంటే పద, లేదు, డబ్బులు. ఈ మూడు మాటలతో ఇన్నేళ్ళు బతికాను గానీ, వాటితో కరక్కాయ గురించి చెప్పడం కుదరదు.

నీ చీర మూట బల్ల మీద విప్పాను. మన్సూర్ సాబ్ ఒక కాయ తీసి వాసన చూశాడు. గోటితో గీకాడు. తర్వాత ఆయన ముఖంలో వచ్చిన మార్పు చూడాలి. పెద్ద ఆఫీసరు పోయి, చెడ్డీ వేసుకున్న పిల్లవాడు కూర్చున్నాడు.

"హలీలజ్" అన్నాడు.

ఆయన చెబుతుంటే ఖాన్ నాకు హిందీలో చెప్పుకొచ్చాడు. వాళ్ళ అమ్మ కూడా ఈ కాయను బజారులో కొనేదట. హిందూస్తాన్ నుంచి ఓడల మీద వచ్చేదట. అరగదీసి గిన్నెలో పెట్టుకుని పిల్లల్ని ఇంటి చుట్టూ తరిమి పట్టుకుని మింగించేదట. ఆ రోజంతా పిల్లలు ఆటకు వెళ్ళేవారు కాదట.

నేను సంతోషపడ్డాను, గెలిచాననుకున్నాను. మన్సూర్ సాబ్ వేలెత్తాడు.

"కానీ ఇది కడుపు మందు. దగ్గు మందు కాదు. ఇది తిన్నవాడు పనిలో నిలబడలేడు. ఈ పెద్దమనిషి రోజూ నోట్లో పెట్టుకుని రోజంతా ఎలా నిలబడ్డాడు? అంటే మూటలో ఉన్నది హలీలజ్, నోట్లో ఉన్నది వేరే ఏదో."

"మేం బుగ్గన పెట్టుకుంటాం సాబ్, మింగం" అన్నాను. ఖాన్ చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఆ రోజు నా నోట్లోంచి తీసిన ముక్కను రామోన్ చెత్తబుట్టలో పారేశాడు. ఇంకేం మిగిలింది?

మన్సూర్ సాబ్ చివరికి ఒక మాట అన్నాడు. "ఇతని జేబులోంచి, పని దగ్గర, ఈ కాయ తీసుకుని తిన్నవాడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే, మా అమ్మ చేతి మందు చేసిన పని ఇది కూడా చేసి ఉంటే, నేను నమ్ముతాను."

ఖాన్ ఈ మాటను నాకు హిందీలో చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాడు.

ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. మొదట కాయ వైపు చూశాడు. తర్వాత తన పొట్ట వైపు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఆ చూపులో క్రేను ఎత్తే బరువంతా ఉంది. అప్పుడు నాకు కూడా అర్థమైంది. గుప్పెడు. రెండు గుప్పెళ్ళు. ఆయిల్.

"తూనే ముఝే యే ఖిలాయా?" అన్నాడు, పళ్ళ మధ్యనుంచి. నాకు ఇది తినిపించావా అని.

"బుగ్గన పెట్టుకోమన్నాను ఖాన్ భాయ్" అన్నాను.

"బుగ్గ! నువ్వు గొంతు చూపించావు, నోరు చూపించావు, బుగ్గ ఎప్పుడన్నావు?"

మన్సూర్ సాబ్ ఏమిటని అడుగుతున్నాడు. రామోన్ ఒకసారి నా వైపు, ఒకసారి ఖాన్ వైపు చూస్తున్నాడు. ఖాన్ చేతిలో ఇప్పుడు నా గేట్ పాస్ ఉన్నట్టే. అతను "ఎవరూ తినలేదట" అని ఒక్క ముక్క చెబితే నా కథ ముగిసింది. నిజం చెబితే ఆయిల్ అబద్ధం బయటపడుతుంది. అది పెద్ద సంగతి కాదు. ముక్కు చీదడానికి పది అడుగులు పక్కకు వెళ్ళే మనిషి, పెద్ద ఆఫీసరు ముందు నిలబడి తన కడుపు గురించి చెప్పాలి. నేను చెప్పమని అడగలేదక్కా. ఎలా అడుగుతాను?

ఖాన్ గడ్డం సవరించుకున్నాడు. చొక్కా కిందికి లాక్కున్నాడు. నిటారుగా నిలబడి, గోడ మీది గడియారం వైపు చూస్తూ, మెల్లగా అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టాడు. యల్లా, మాఫీ, ఫులూస్, ఈ మూడింటిలో ఒక్కటీ ఆ మాటల్లో రాలేదు. కానీ అరచెయ్యి పొట్ట మీద పెట్టాడు. తర్వాత కిటికీలోంచి క్రేను వైపు చూపించాడు. తర్వాత, కాస్త ఆగి, దూరంగా ఉన్న ఆ ప్లాస్టిక్ గది వైపు చూపించాడు. దానికి ఏ భాషా అక్కర్లేదు.

మన్సూర్ సాబ్ నవ్వలేదు. ముందు లేచి వచ్చి ఖాన్ భుజం మీద చెయ్యి వేశాడు. ఒకే అమ్మ చేతిలో దెబ్బలు తిన్న అన్నదమ్ముల్లా ఇద్దరూ ఒక నిమిషం నిలబడ్డారు. ఆ తర్వాత నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. దగ్గు ఆగాక నీ మూటలోంచి రెండు కాయలు తీసి జేబులో వేసుకుని, ఏ బుగ్గన పెట్టుకోవాలని నాకు సైగ చేశాడు. ఎడమ బుగ్గ అని చూపించాను. ఈసారి బుగ్గ మీద వేలు బాగా నొక్కి, పొట్ట వైపు వద్దు వద్దని కూడా చూపించాను.

రామోన్‌కు అరబ్బీ రాదు. అతనికి తెలిసిందల్లా మన్సూర్ సాబ్ ఇంగ్లీషులో చెప్పిన రెండు మాటలే: మందు, పాస్ ఇచ్చెయ్. ఇక మీదట డ్యూటీలో నోట్లో విజిల్ తప్ప ఏమీ ఉండకూడదని షరతు పెట్టారు. సరేనన్నాను. ఇప్పుడు గదికొచ్చాక బుగ్గన పెట్టుకుంటున్నాను. దగ్గు దాదాపు పోయింది. నేను బాగున్నాను, మళ్ళీ రాస్తున్నాను.

బయటికి వచ్చాక ఖాన్ నన్ను క్రేను వెనక్కి తీసుకువెళ్ళాడు.

"లింబాద్రి భాయ్, జబాన్ దే."

మాట ఇమ్మని. చెయ్యి చాపాను.

"ఇది క్యాంపులో ఒక్కడికి తెలిసినా, నీ నెత్తి మీద ఏం దించుతానో నాకే తెలీదు. మూడు విజిళ్ళు కూడా అక్కర్లేదు."

మాట ఇచ్చాను.

ఇప్పుడు నా అవస్థ చూడు. నా జీవితంలో ఇంతకంటే మంచి కథ నాకు జరగలేదు. దీన్ని గదిలో చెబితే మంచాలు విరిగేలా నవ్వుతారు. చెప్పలేను. గుట్కా కాదురా, కరక్కాయ అని సత్తెన్నకు చెప్పాను.

"సరె అన్నా, కరక్కాయనే. మరి మన్సూర్ సాబ్ ఎట్ల నమ్మిండు?"

నేను నోరు మూసుకున్నాను.

"గదే అంటున్న. పెద్ద మనిషివని మాఫ్ జేసిండు. గంతే గదా? మాకు చెప్తే ఏమైతది?" అని కన్ను కొట్టాడు.

మిగతా అందరూ కూడా అంతే అనుకుంటున్నారు. అనుకోనీ. ఖాన్ తన పరువు తీసి బల్ల మీద పెట్టి నా పాస్ విడిపించాడు. నేను నా పేరు కోసం అతని పరువును బజారులో పెడితే, నా బుగ్గన గుట్కా ఉన్నట్టే లెక్క.

కాబట్టి అక్కా, నా మనవి. నల్లా దగ్గర ఎవరైనా "నీ తమ్ముడు గుట్కతోని దొరికిండట" అంటే, ఈ కథ చెప్పకు. నువ్వు రాజేశ్వరికి చెబితే రాజేశ్వరి సత్తెన్నకు చెబుతుంది. సత్తెన్న వీడియో కాల్ తిప్పినంత సేపట్లో ఖాన్‌కు తెలుస్తుంది. "మా తమ్మి అసుంటోడు కాదు" అని ఒక్క మాట అని బిందె ఎత్తుకో. నమ్మినవాళ్ళు నమ్ముతారు. నమ్మనివాళ్ళకు నేను గుట్కా లింబాద్రినే. ఆ పేరు మోస్తాను, పెద్ద బరువేం కాదు. నీకు నిజం తెలిస్తే నాకు చాలు. నీ తల మీది ఒట్టు ఒట్టుగానే ఉంది.

కరక్కాయలు అయిపోవచ్చాయి, మన్సూర్ సాబ్ మనిషిని పంపి ఇంకో నాలుగు తెప్పించుకున్నాడు. ఇంకాస్త పంపు. కాస్త వాము కూడా పంపు. ఇస్త్రీ పెట్టెకు కాదు, కషాయానికి. నీ మోకాళ్ళకు ఖాన్ ఏదో జైతూన్ నూనె ఇచ్చాడు, గంగాధర్ సంచిలో ఉంది, రాత్రి పూట రాసుకో. అది ఒంటికి రాసేదే, తినేది కాదు, ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పు. బావకు నమస్కారాలు. పెద్దనాయన కాళ్ళకు నా బదులు మొక్కు. పిల్లలకు ముద్దులు. నా తల మీద చెయ్యి పెట్టి దీవించాలంటే ఇంత దూరం నీ చెయ్యి అందదు కాబట్టి, ఈ కాగితం మీద పెట్టు, నాకు చేరుతుంది.

చదవడం అయ్యాక దీన్ని నీళ్ళ పొయ్యిలో పెట్టెయ్. ఎవరి చేతికీ దొరకకూడదు.

పెట్టే ముందు ఇంకోసారి చదువు.

నీ తమ్ముడు
లింబాద్రి